బలరాం ఎవరి మనిషి?

ఈ ఆదివారం కూడా పోస్టు కొంచెం పొడుగే. కాఫీ పక్కన పెట్టుకొని నిదానంగా చదవండి.

ముందు ఒక ప్రశ్న. ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్ జట్టు వేసిన చివరి గోల్ ఎవరిది? ఫోన్‌లో వెతకకుండా చెప్పండి చూద్దాం.

1960 సెప్టెంబరు 1. రోమ్ ఒలింపిక్స్. అవతల పెరూ జట్టు. మూడు గోల్స్ వెనకబడి ఉన్నాము. ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాలు ఉందనగా మనవాళ్ళు ఒక గోల్ వేసినారు. మ్యాచ్ 3-1తో ఓడిపోయినాము. ఆ తర్వాత ఇంతవరకూ మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత తెచ్చుకోలేదు. అరవై ఏళ్ళు దాటినా ఆ గోలే చివరిది. వేసినవాడు సికింద్రాబాద్ కుర్రాడు. పేరు తులసీదాస్ బలరాం. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు లోపే.

సికింద్రాబాద్ నుంచి బొల్లారం వైపు పోయే లైన్లో అమ్ముగూడ అని ఒక చిన్న స్టేషన్ ఉంది. చుట్టూ కంటోన్మెంటు ప్రాంతం. బలరాం 1936లో పుట్టింది ఆ అమ్ముగూడలోనే. తల్లి ముత్తమ్మ, తండ్రి తులసీదాస్ కాళిదాస్. ఇద్దరూ తమిళులు. మిలిటరీ ఉన్నచోట తమిళ కుటుంబాలు ఉండడం మనకు కొత్తేమీ కాదు, బెంగళూరు కంటోన్మెంటులో చూస్తూనే ఉన్నాము. అట్లాంటి చోట్ల పిల్లలకు ఫుట్‌బాల్ కూడా దగ్గర్లోనే ఉండేది. మన పక్క ఆస్టిన్ టౌన్, గౌతంపుర గల్లీల్లో ఆ ఆట ఎట్లా నిలిచిందో, అక్కడా అట్లే.

ఆ కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే దేశమంతా భయపడేది. అది ఉత్తమాట కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయికి పోయి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తికి స్కూలు టీచరు. తర్వాత భారత జట్టుకూ ఆయనే కోచ్. ఈమధ్య 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చింది కదా, అది ఈ రహీం సాబ్ కథే. కుర్ర బలరాంలో ఆట చూసి పైకి తెచ్చింది కూడా రహీమే. హైదరాబాద్ జట్టు వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచిన రోజులవి.

మన జట్టు అప్పట్లో ఏ స్థితిలో ఉండేదో కూడా చెప్పాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయినాము. ఆ దెబ్బతో అందరూ బూట్లు వేసుకొని ఆడాల్సిందేనని నియమం వచ్చింది. బలరాం ఆ బూట్ల తరం మనిషి.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయిన జట్టులో బలరాం ఉన్నాడు. వయసు ఇరవై. ఒక్క విషయం గమనించండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ రాష్ట్రం పోయింది. మెల్‌బోర్న్ ఆటలు మొదలైంది నవంబరు 22న. అంటే ఈ కుర్రాడు పుట్టి పెరిగింది ఒక రాష్ట్రంలో, విదేశానికి పోయి దేశం జెండా కింద నిలబడేసరికి ఆయన సొంతూరు మూడు వారాల వయసున్న ఇంకో రాష్ట్రంలో ఉంది. భాషల లెక్కన గీతలు గీసిన సంవత్సరమది. మన హోసూరు మద్రాసు పక్క, మన అత్తిబెలె మైసూరు పక్క ఉండిపోయినాయి. ఇంట్లో మాట్లాడేది ఏ భాషో గీతకు తెలియదు.

మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేసినాడు. సెమీఫైనల్ చేరినాము. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి అంతదూరం పోయిన మొదటి జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం.

1957లో బలరాం కలకత్తాకు పోయి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరినాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అంటే రెండు పార్టీల మాదిరి. మ్యాచ్ రోజు ఊరు రెండుగా చీలుతుంది. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి తూర్పు నుంచి వచ్చినవాళ్ళకు ఈస్ట్ బెంగాల్ వట్టి క్లబ్బు కాదు, పోగొట్టుకున్న ఊరి పేరు. అట్లాంటి జట్టుకు 1961లో కెప్టెన్ ఎవరంటే, సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ కుటుంబం పిల్లవాడు. ఆ సంవత్సరం జట్టు కలకత్తా లీగు గెలిచింది. 23 గోల్స్‌తో లీగులో అందరికంటే ఎక్కువ వేసింది బలరామే. ఐఎఫ్ఏ షీల్డును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. ఈస్ట్ బెంగాల్‌కు ఆయన వేసిన గోల్స్ మొత్తం 104. బెంగాల్ రాష్ట్రం జట్టుకు ఆడి ఆ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచినాడు.

ఆట తెలియని వాళ్ళకోసం ఒక మాట. అప్పట్లో ముందు వరసలో ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. ఇద్దరు రెండు అంచుల్లో, ఇద్దరు లోపల, ఒకరు నడుమ. అంచున ఆడేవాడికి కాళ్ళలో వేగం కావాలి. లోపల ఆడేవాడికి బంతిని ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన బుర్ర కావాలి. నడుమ ఉన్నవాడికి గోల్ మీద గురి కావాలి. బలరాం ఎడమ అంచునా ఆడేవాడు, లోపలా ఆడేవాడు, నడుమా ఆడేవాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురినీ కలిపి చెప్పడం భారత ఫుట్‌బాల్‌లో వాడుక అయిపోయింది.

రోమ్‌లో మొదటి మ్యాచ్ హంగరీతో. హంగరీ ఆ కాలంలో ప్రపంచంలో పెద్ద జట్లలో ఒకటి. ఆ ఒలింపిక్స్‌లో కంచు పతకం వాళ్ళదే. మనమీద గోల్ వేసిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నాడు. అట్లాంటి జట్టుతో మనం ఓడింది 2-1. మన గోల్ బలరాంది. తర్వాత ఫ్రాన్స్‌తో 1-1. అది పీకే వేసిన గోల్. మూడోది మొదట్లో చెప్పిన పెరూ మ్యాచ్. అంటే రోమ్‌లో మనం వేసినవి మూడు గోల్స్, అందులో రెండు బలరాంవి.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను ఇండోనేషియా రానివ్వలేదు. దానిమీద మనదేశపు క్రీడా అధికారి జి.డి. సోంధీ గట్టిగా మాట్లాడినాడు. అక్కడి జనం మన రాయబార కార్యాలయం మీద దాడి చేసినారు. ఆ కోపమంతా సెనాయన్ స్టేడియంలో మన ఆటగాళ్ళ మీద పడింది. మొదటి మ్యాచే దక్షిణ కొరియాతో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించినాము. ఈ రెండు మ్యాచ్‌లలోనూ బలరాం గోల్ ఉంది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి, సెప్టెంబరు 4న ఫైనల్‌కు వస్తే అవతల మళ్ళీ అదే దక్షిణ కొరియా. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసకు పంపినాడు. గోల్ దగ్గర హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి వేసి 2-1తో బంగారు పతకం తెచ్చినారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారం లేదు. ఆ 1962కే బలరాంకు అర్జున అవార్డు ఇచ్చినారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం సాబ్ 1963 జూన్ 11న పోయినాడు.

ఇంతవరకూ పతకాల కథ. ఇక్కడినుంచి రైల్వే మనిషిగా నాకు బాగా తెలిసిన భాగం.

మన సభ్యుల పిల్లలు కొందరు కెనడాలో ఉన్నారు. అక్కడ ఐస్ హాకీ ఫార్వర్డ్‌లకు ఎంత డబ్బో వాళ్ళే చెబుతుంటారు. ఆ ఉత్తర అమెరికా లీగు ఆటగాళ్ళకు 1947లోనే పెన్షన్ పథకం వచ్చింది. ఆడటమే అక్కడ వృత్తి, ఆటకే జీతం, ఆట ఆగినాక కూడా ఏదో ఒక లెక్క ఉంది. మన దేశంలో ఆ సంవత్సరం స్వాతంత్ర్యం వచ్చింది. ఫుట్‌బాల్‌కు జాతీయ లీగు రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. బలరాం కాలంలో ఎంత పెద్ద ఆటగాడైనా పేరుకు అమెచ్యూరే. లక్షమంది చూస్తున్నా కాగితం మీద అది వృత్తి కాదు.

మరి ఫార్వర్డ్ దేనితో బతకాలి? ఉద్యోగంతో. పోలీసు, మిలిటరీ, పోర్టు, అన్నిటికంటే ఎక్కువగా రైల్వే. పీకే బెనర్జీ కథ చూడండి. పెద్ద క్లబ్బుల జోలికే పోకుండా ఈస్టర్న్ రైల్వేలోనే ఉండిపోయినాడు. ఆ రైల్వే జట్టు 1958లో కలకత్తా లీగు గెలిచి పెద్ద క్లబ్బులన్నిటినీ పక్కన కూర్చోబెట్టింది.

1963లో బలరాం కూడా ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టుకు వచ్చినాడు. ఆ జట్టు బీఎన్ఆర్, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1955 ఆగస్టులో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడినా, ఆటల జట్టుకు పాత పేరే ఉండిపోయింది. తెలుగువాళ్ళకు ఈ రైల్వే కొత్తది కాదు. దాని పట్టాలు వాల్తేరు దాకా వచ్చినాయి. శ్రీకాకుళం, విజయనగరం పక్క పల్లెల నుంచి ఆ పట్టాల వెంబడే పోయి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరినవాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు ఈరోజుకూ అక్కడ ఉన్నారు. బెంగాల్ నడిబొడ్డున ఖరగ్‌పూర్‌లో తెలుగు వినబడుతుంది. ఇక్కడ మన సంఘం ఎట్లనో, అక్కడ వాళ్ళ సంఘాలు అట్లే.

బీఎన్ఆర్ 1963లో ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. అయితే బలరాం ఆట ఎక్కువ కాలం సాగలేదు. ప్లూరసీ అనే జబ్బు పట్టుకుంది. ఊపిరితిత్తుల మీద ఉండే పొర వాచిపోతుంది. గట్టిగా ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి. కూర్చొని చేసే పనికి ఓర్చుకోవచ్చు. పరుగే బతుకైన ఫార్వర్డ్‌కు అది ఉరితాడు. ఇరవై ఏడేళ్ళకే ఆట అయిపోయింది. ఇద్దరు స్నేహితులు పీకే, చునీ ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఈయన గట్టున నిలబడి చూడాల్సి వచ్చింది.

నేను పెర్సనల్ బ్రాంచిలో ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు రాసినాను. మెడికల్ అన్‌ఫిట్ కేసులు ఎన్నో నా టేబుల్ మీదికి వచ్చినాయి. కంటిచూపు తగ్గిన డ్రైవర్లు, కాలు దెబ్బతిన్న గ్యాంగ్‌మన్‌లు. వాళ్ళను ఇంటికి పంపరు. చేయగలిగిన వేరే పనికి మారుస్తారు. డ్రైవరు ఆఫీసులో కూర్చోవడానికి వచ్చిన మొదటి రోజు ఆ మొహం చూస్తే తెలుస్తుంది, ఉద్యోగం నిలిచింది గానీ మనిషిలో ఏదో దిగిపోయిందని. జీతం వస్తుంది, పాస్ వస్తుంది, ఇల్లు గడుస్తుంది. ఇంజన్ మాత్రం ఇంకొకడు నడుపుతాడు.

బలరాం జీవితం నాకు అట్లనే అర్థమైంది. ఆట ఆగినా సౌత్ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగం ఆగలేదు. కోచింగ్ ఇచ్చినాడు, సెలెక్టరుగా పనిచేసినాడు. పెళ్ళి చేసుకోలేదు. హౌరా నుంచి బర్ధమాన్ మెయిన్ లైన్లో ఉత్తరపాడా స్టేషన్ ఉంది. అక్కడ హుగ్లీ నది ఒడ్డున ఒక ఫ్లాట్‌లో వయసు గడిపినాడు. 2020 మార్చిలో పీకే పోయినాడు, ఏప్రిల్‌లో చునీ పోయినాడు. బలరాం 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ళ వయసులో కన్నుమూసినాడు. మైదాన్ సినిమా థియేటర్‌కు రావడానికి ఒక్క ఏడాది ముందు.

చునీకి 1983లో పద్మశ్రీ వచ్చింది. పీకేకు 1990లో వచ్చింది. బలరాంకు రాలేదు. ఎందుకు రాలేదో ఢిల్లీ ఫైళ్ళు చూసినవాళ్ళు చెప్పాలి. నాకు అర్థమైనంతవరకు ఒక కారణం చెబుతాను, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం మీ ఇష్టం. బెంగాలీలకు ఆయన సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఆటగాడు. తెలుగువాళ్ళకు ఆయన తమిళుడు, పైగా కలకత్తాకు పోయినవాడు. తమిళనాడుకు ఆయన ఎప్పుడో ఊరు వదిలిపోయిన కుటుంబం పిల్లవాడు. ముగ్గురూ ఆయన పక్కవాళ్ళ మనిషి అనుకున్నారు. నాలుగిళ్ళ చుట్టం ఎక్కడో ఒకచోట తిని ఉంటాడులే అని ఎవరూ విస్తరి వేయరు కదా, అట్లా అయింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటారా? మన సంఘం హాలు గోడకు పెట్టే పటాల జాబితాలో ఈ పేరు కూడా చేర్చమని పోయిన మీటింగులో నేను అడిగినాను. ఒక పెద్దాయన, నాకు ఎంతో గౌరవం ఉన్న మనిషి, "ఆయన అరవాయన కదప్పా, తెలుగు సంఘంలో ఎట్లా పెట్టేది" అన్నాడు. కోపంతో అన్నమాట కాదు. చాలామంది మనసులో ఉన్నదే ఆయన పైకి అన్నాడు. దానికి నా జవాబు మీటింగులో చెప్పే టైము లేకపోయింది, కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మనల్ని మనం ఒకసారి చూసుకుందాము. నేను చదివింది తమిళ మీడియం. లెక్కలు ఈరోజుకూ నా నోట తమిళంలోనే వస్తాయి. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర, సినిమా పోస్టర్ల దగ్గర నేర్చుకున్నాను. ఆఫీసులో ఇంగ్లీషు, సంతలో కన్నడం. ఈ గ్రూపులో సగం మంది కథ ఇదే. హోసూరు పక్కవాళ్ళు "మీరు కర్ణాటక వాళ్ళు" అంటారు. బెంగళూరులో "మీరు ఆంధ్రావాళ్ళా" అంటారు. ఆంధ్రకు పోతే మన యాస విని "మీరు తమిళులా" అంటారు. ఊరు కదలకుండా నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మనల్నే ఎవరూ మావాళ్ళు అనడం లేదని మనం సంఘం పెట్టుకున్నాము. అట్లాంటి మనమే ఇంకొకరిని ఆ మాట అని బయట నిలబెడితే ఎట్లా?

నేను పెన్షన్ లెక్క వేసేటప్పుడు చూసింది రెండు తేదీలు. చేరిన తేదీ, విరమించిన తేదీ. ఆ రెండిటి నడుమ మనిషి చేసిన పనికి లెక్క. ఇంట్లో మాట్లాడిన భాష ఆ లెక్కలోకి రాదు. ఒక ఊరు కూడా తన మనిషిని అట్లే లెక్కవేయాలని నా ఉద్దేశం. బలరాం సికింద్రాబాద్ మట్టిలో ఆట నేర్చినాడు. హైదరాబాద్‌కు ట్రోఫీ తెచ్చినాడు. బెంగాల్‌కు గోల్స్ ఇచ్చినాడు. దేశానికి రెండు ఒలింపిక్స్ ఆడినాడు, ఒక ఆసియా బంగారం తెచ్చినాడు. రైల్వేకు మిగిలిన ఊపిరి ఇచ్చినాడు. ఆయనను మా మనిషి అనడానికి వీళ్ళందరికీ హక్కుంది. ఒకరు అంటే ఇంకొకరికి తగ్గేదేమీ లేదు.

ఇంకొక మాట పిల్లల తల్లిదండ్రులకు. మన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఆటల్లో బాగా పైకి వస్తున్నారు, సంతోషం. ఆడనివ్వండి. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తే చిన్నచూపు చూడకండి. కాళ్ళకు పదేళ్ళు ఆయుష్షు, మనిషికి ఎనభై. బలరాంకు ఆ పదేళ్ళు కూడా నిండలేదు. మిగిలిన అరవై ఏళ్ళకు అండగా ఏమి ఉంటుందో ఆటకు దిగేముందే ఆలోచించాలి.

పటం కోసం రాబోయే మీటింగులో మళ్ళీ అడుగుతాను. కింద రాయడానికి ఒక వాక్యం కూడా రాసి పెట్టుకున్నాను. "తులసీదాస్ బలరాం, అమ్ముగూడ, సికింద్రాబాద్. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ చివరి గోల్ ఈయనది." అది చదివి, చివరి గోల్ అని ఎందుకు ఉండాలి, ఇంకొకటి మనం వేద్దాము అని ఒక్క పిల్లవాడు అనుకున్నా పటానికి పెట్టిన ఖర్చు వచ్చేసినట్టే.

మీకు ఒప్పుదల ఉంటే కింద ఒక మాట రాయండి. లేకున్నా రాయండి, మీటింగులో కూర్చొని మాట్లాడుకుందాము.